సూరత్ గనిలో సముద్ర సర్పం: వీడియో గేమ్ రాకాసికి సైన్స్ నేర్పే పాఠాలు

సూరత్ పేరు చెప్పగానే తెలుగువారికి చీరలు, మరమగ్గాలు, వజ్రాల సానపట్టే పని గుర్తుకొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో స్థిరపడ్డాయి. అయితే పురాజీవ శాస్త్రవేత్తలకు సూరత్ మరో కారణంతో ముఖ్యం. నగరానికి ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సూరత్ జిల్లాలోనే, వస్తాన్ అనే లిగ్నైట్ గని ఉంది. విద్యుత్ కోసం తవ్విన ఆ గనిలో బొగ్గు పొరల మధ్య ఉన్న మట్టిలో సుమారు 5 కోట్ల 45 లక్షల సంవత్సరాల నాటి జీవుల అవశేషాలు దొరికాయి. ఆనాటి క్షీరదాలు, గబ్బిలాలు, సొర చేపల పళ్లు, చెట్ల జిగురులో చిక్కుకుని గట్టిపడిన కీటకాలు వాటిలో ఉన్నాయి. వాటితో పాటు ఒక పాము వెన్నుపూసలు కూడా దొరికాయి.

అది నేల మీది పాము కాదు. 2007లో సునీల్ బాజ్‌పాయ్, జేసన్ హెడ్ అనే శాస్త్రవేత్తలు దానికి ‘పేలియోఫిస్ వస్తానియెన్సిస్’ అని పేరు పెట్టారు. పేలియోఫిస్ అంటే నీటిలో బతికిన, ఇప్పుడు పూర్తిగా అంతరించిన పాముల ప్రజాతి. పేరులో రెండో మాట గని పేరు నుంచి వచ్చింది. ఆ విధంగా నిజంగా ఒకప్పుడు బతికిన సముద్ర సర్పం ఒకటి సూరత్ జిల్లా ఊరి పేరును మోస్తోంది.

ఇప్పుడు ఒక ఊహ. సాహస యాత్రల వీడియో గేమ్ ఒకటి తయారవుతోంది. కథ జరిగేది సూరత్ పక్కనున్న ఖంభాత్ సింధుశాఖలో. ఆటగాడు చిన్న పడవలో వెళ్తుంటాడు. అడుగున ఒక సముద్ర సర్పం ఉంది. దానిని ఎలా రూపొందించాలి? ఎంత పొడవు ఉండాలి? ఎంత వేగంగా కదలాలి? ఆటగాడిని ఎలా పసిగట్టాలి? దాని బలహీనత ఏమిటి? వీటికి జవాబులు వెతికితే బొమ్మ గీయడం కన్నా ముందే భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, మనిషి నాడీ వ్యవస్థ పనితీరు అన్నీ అవసరమవుతాయి.

శత్రు పాత్ర అంటే విప్పాల్సిన చిక్కుముడి

సాహస ఆటల్లో శత్రు పాత్ర పని ఆటగాడిని ఓడించడం మాత్రమే కాదు. దాన్ని గమనించి, దాని నియమం కనిపెట్టి, ఆ నియమాన్నే వాడుకుని గెలిచే అవకాశం ఆటగాడికి ఇవ్వాలి. నియమం లేని రాకాసి మొదటిసారి భయపెడుతుంది, రెండోసారి విసుగు పుట్టిస్తుంది.

ఈ సంగతి మన కథలకు కొత్త కాదు. రామాయణం సుందరకాండలో హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు ఎదురైన ఇద్దరిని చూస్తే చాలు. సురస తన నోరు పెంచుకుంటూ పోతుంది. హనుమంతుడు కూడా పెరుగుతాడు. చివరికి ఒక్కసారిగా బొటనవేలంత అయిపోయి, ఆ నోట్లోకి వెళ్లి బయటికి వచ్చేస్తాడు. పెద్ద నోరు వెంటనే చిన్నది కాలేదు. అదే ఆమె నియమం, అదే హనుమంతుడికి దొరికిన దారి. సింహిక పద్ధతి వేరు. నీటి మీద పడిన నీడను పట్టి లాగుతుంది. అంటే ఆమె వేట నీడ మీద ఆధారపడింది. ఇద్దరి పద్ధతులూ వేరు, ఇద్దరినీ దాటే ఉపాయాలూ వేరు. ఆటల రూపకర్తలు ఈనాడు చేసే పని కూడా ఇదే.

నీడను పసిగట్టడం కేవలం కల్పన కూడా కాదు. సముద్రపు రాళ్లకు అతుక్కుని బతికే బార్నకిల్స్ మీద నీడ పడితే అవి బయటికి చాచిన కాళ్లను చటుక్కున లోపలికి లాక్కుంటాయి. కొన్ని సముద్రపు అర్చిన్లు నీడ పడిన వైపు ముళ్లు తిప్పుతాయి. పైన ఏదో శత్రువు వచ్చిందన్న సంకేతంగా నీడను వాడుకునే జీవులు ఇవి.

పొడవు: ఎంత పెద్దదైతే నమ్మొచ్చు?

పాముకు వందల వెన్నుపూసలు ఉంటాయి. చనిపోయాక అవి చెల్లాచెదురైపోతాయి. అందుకే శిలాజాలుగా ఎక్కువగా విడి వెన్నుపూసలే దొరుకుతాయి. ఇప్పుడున్న పాముల్లో వెన్నుపూస వెడల్పుకు, శరీరం పొడవుకు ఉన్న సంబంధాన్ని లెక్కగట్టి, దాని ఆధారంగా పాత పాముల పొడవు అంచనా వేస్తారు. పేలియోఫిస్ ప్రజాతిలో అతిపెద్దది ఆఫ్రికాలోని మాలి దేశంలో దొరికిన పేలియోఫిస్ కొలోసియస్. దాని పొడవు 12 మీటర్లకు పైగా ఉండొచ్చని అంచనా.

గుజరాత్‌లోనే మరో పెద్ద పాము ఉంది. కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 వెన్నుపూసల ఆధారంగా ఐఐటీ రూర్కీ శాస్త్రవేత్తలు దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ 2024లో దాన్ని ప్రకటించారు. పేరు ‘వాసుకి ఇండికస్’. వయసు సుమారు 4 కోట్ల 70 లక్షల సంవత్సరాలు. పొడవు దాదాపు 11 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటుందని వారి అంచనా. క్షీరసాగరాన్ని చిలకడానికి తాడుగా మారిన వాసుకి పేరు పెట్టినా, ఈ పాము సముద్రంలో ఈదింది కాదు. చిత్తడి నేలల్లో మాటు వేసి, నెమ్మదిగా కదిలే వేటగాడై ఉండాలని వారు భావిస్తున్నారు.

నేల మీది పెద్ద పాము ఎందుకు నెమ్మదించాలి? దీనికి జవాబు 1638లో గెలీలియో తన పుస్తకంలో చర్చించిన సూత్రంలో ఉంది. ఆకారం మార్చకుండా ఒక జీవిని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిటా 12 రెట్లు పెంచామనుకుందాం. దాని బరువు 12 × 12 × 12, అంటే 1,728 రెట్లు అవుతుంది. కండరాల బలం మాత్రం వాటి అడ్డుకోత వైశాల్యం మీద ఆధారపడుతుంది కాబట్టి 12 × 12, అంటే 144 రెట్లే పెరుగుతుంది. బరువుతో పోల్చి చూస్తే బలం 12వ వంతుకు పడిపోతుంది. మీటరు పొడవున్న పాము ఆడినట్టు 12 మీటర్ల పాము నేల మీద ఆడలేదు.

నీటిలో కథ మారుతుంది. నీరు శరీరాన్ని పైకి నెట్టి బరువును మోస్తుంది. అందుకే భూమి మీద ఇప్పటిదాకా తెలిసిన అతి బరువైన జంతువు నేల మీద కాదు, సముద్రంలో ఉంది. అది నీలి తిమింగలం. ‘తిమింగిలం’ అన్న మాటలోనే ఈ పెద్దరికం దాగి ఉంది. తిమి అనే మహా మత్స్యాన్ని మింగేది అని దాని అర్థం.

ఆట రూపకర్తకు ఇందులో పాఠం స్పష్టం. సర్పం నీటిలో ఉన్నంత సేపు చురుకుగా ఉండొచ్చు. ఒడ్డున బురదలో చిక్కితే బరువెక్కి నెమ్మదించాలి. ఇలా చేస్తే ఎక్కడ నుంచో తెచ్చి అతికించిన నియమంలా కాక, శరీరం నుంచి పుట్టిన బలహీనతలా ఉంటుంది. ఆటగాడు దాన్ని ఎవరూ చెప్పకుండానే ఊహించగలడు.

కదలిక: తోక ఎన్నిసార్లు ఊగాలి?

చిన్న పాము బొమ్మను కంప్యూటర్‌లో పెద్దది చేసి అదే వేగంతో ఆడిస్తే, తెర మీద అది పెద్ద పాములా అనిపించదు. దగ్గర నుంచి చూసిన చిన్న పాములా అనిపిస్తుంది. కంటికి పరిమాణం తెలిసేది పొడవు వల్ల కన్నా కదలిక వల్ల.

ఈదే జీవుల కదలికను కొలిచేందుకు శాస్త్రవేత్తలు స్ట్రౌహల్ సంఖ్య అనే కొలతను వాడతారు. తోక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను, తోక ఈ కొస నుంచి ఆ కొసకు కదిలే వెడల్పుతో గుణించి, ఈత వేగంతో భాగిస్తే అది వస్తుంది. తోకతో ఈదే చేపలు, డాల్ఫిన్లు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా సాధారణంగా ఈ సంఖ్య 0.2 నుంచి 0.4 మధ్య ఉండేలా కదులుతాయి. శక్తి వృథా తక్కువగా ఉండేది అక్కడే.

ఈ సూత్రాన్ని మన సర్పానికి వాడి చూడొచ్చు. మీటరు పొడవున్న పాము సెకనుకు అర మీటరు వేగంతో, తోకను 10 సెంటీమీటర్ల వెడల్పున ఊపుతూ ఈదుతోందనుకుందాం. స్ట్రౌహల్ సంఖ్య 0.3గా తీసుకుంటే తోక సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగాలి. ఇప్పుడు 12 మీటర్ల సర్పం. అదే నిష్పత్తిలో తోక ఊపు వెడల్పు 1.2 మీటర్లు. వేగం సెకనుకు 2 మీటర్లు. లెక్క వేస్తే తోక సెకనుకు సగం సారి, అంటే రెండు సెకన్లకు ఒకసారి ఊగితే చాలు. పెద్ద సర్పం చిన్నదాని కన్నా నాలుగు రెట్లు వేగంగా వెళ్తూ కూడా మూడో వంతు తొందరతోనే తోక ఊపుతుంది. ఆ నిదానమే చూసేవారికి దాని భారాన్ని తెలియజేస్తుంది.

శరీరం వంపులు తిరగడానికి ఆటల్లో సులువైన పద్ధతి ఒకటి ఉంది. పాము శరీరాన్ని ఇరవై ముప్పై ముక్కల గొలుసుగా చేస్తారు. తల వెళ్లిన దారిని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. వెనక ఉన్న ప్రతి ముక్క కొంచెం ఆలస్యంగా అదే దారిలో వస్తుంది. దాని మీద పక్కలకు సాగే అలను కలుపుతారు. ఆ అల ఎత్తు తల దగ్గర తక్కువగా, తోక వైపు ఎక్కువగా ఉండాలి. పేలియోఫిస్ ప్రజాతి వెన్నుపూసలు చాలా వరకు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటాయి. నీటిని పక్కలకు నెట్టుతూ ఈదే శరీరానికి అది గుర్తు. కాబట్టి సర్పాన్ని గుండ్రని గొట్టంలా కాక, నిలువుగా పట్టీలా గీయడమే సరైనది. ఇప్పుడున్న సముద్రపు పాములు నాగుపాముల బంధువులు. పేలియోఫిస్‌కు వాటితో దగ్గరి చుట్టరికం లేదు. అయినా అవీ నీటిలో బతకడానికి అలవాటు పడి, తెడ్డులాంటి చదునైన తోకను సంపాదించుకున్నాయి. ఒకే అవసరం వేర్వేరు కుటుంబాలకు ఒకే తరహా శరీరాన్ని ఇవ్వడం పరిణామ క్రమంలో తరచూ కనిపించేదే.

బురద నీటిలో వేట

ఖంభాత్ సింధుశాఖ అద్దంలాంటి నీలి సముద్రం కాదు. నర్మద, తాపి, మహి, సబర్మతి నదులు మోసుకొచ్చే ఒండ్రు అక్కడ కలుస్తుంది. దేశంలోనే అత్యధిక స్థాయిలో ఆటుపోట్లు వచ్చే చోట్లలో ఇదొకటి. భావ్‌నగర్ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకు, పాటుకు మధ్య తేడా 10 మీటర్లకు మించుతుంది. అంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చి పోతుంటే అడుగున ఉన్న బురద ఎప్పుడూ కలత చెందుతూనే ఉంటుంది.

ఇలాంటి నీటిలో కళ్ల మీద ఆధారపడే వేటగాడికి ఆకలి తప్పదు. ఇక్కడి అసలైన జీవులు ఎలా వేటాడతాయో చూస్తే రూపకర్తకు దారి దొరుకుతుంది. సొర చేపల ముట్టె మీద లోరెంజిని కుండికలు అనే సన్నని జిగురు గొట్టాలు ఉంటాయి. ఏ జీవి కండరం కదిలినా పుట్టే అతి చిన్న విద్యుత్ క్షేత్రాన్ని అవి పసిగడతాయి. గుజరాత్ తీరంలో ఒకప్పుడు తరచూ కనిపించి, ఇప్పుడు అరుదైపోయిన రంపపు చేప ఇందులో మరింత ఆరితేరింది. దాని పొడవాటి రంపం నిండా ఈ కుండికలే. కనబడని నీటిలో ఎరను రంపంతోనే కనిపెట్టి, రంపంతోనే కొడుతుంది. సముద్రపు పాముల పొలుసుల మీద కూడా నీటి కదలికను తెలుసుకునే చిన్న స్పర్శ గ్రాహకాలు ఉంటాయి.

కాబట్టి సూరత్ తీరపు సర్పం ఆటగాడిని ‘చూడకూడదు’. తెడ్డు వేస్తే పుట్టే అలజడిని పసిగట్టాలి. తెడ్డు ఆపి ప్రవాహంతో కొట్టుకుపోతే దాని జాడ తప్పించుకోవచ్చు. ఈ ఒక్క నియమం పెడితే ఆట తీరు మారిపోతుంది. వేగంగా పారిపోవాలన్న తొందరే ప్రమాదమవుతుంది. భయాన్ని అణచుకుని చేతులు ఆపగలిగినవాడే గట్టెక్కుతాడు.

ఆటుపోట్లు కూడా ఆటలో గడియారంలా పనిచేస్తాయి. ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఆటలో దాన్ని 12 నిమిషాలకు కుదించవచ్చు. పోటు వచ్చినప్పుడు సర్పం వాగుల్లోకి చొరబడుతుంది. పాటు సమయంలో డుమస్ తీరంలాంటి బురద మైదానాలు బయటపడతాయి, అప్పుడు ఆటగాడికి కాస్త ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

హెచ్చరిక: పావు సెకను లెక్క

శత్రువు దాడి న్యాయంగా ఉందా లేదా అన్నది మనిషి నాడీ వ్యవస్థ తేలుస్తుంది. కంటికి ఒక సంకేతం కనబడిన తరువాత వేలు మీటను నొక్కడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఏం చేయాలో ఆలోచించుకోవాల్సి వస్తే ఇంకా ఎక్కువ. అన్నీ కలిపి ఆటగాడికి ఒక సెకను ఇవ్వాలనుకుందాం.

సర్పం సెకనుకు 8 మీటర్ల వేగంతో దూకుతుందనుకుంటే, స్వచ్ఛమైన నీటిలో 12 మీటర్ల దూరం నుంచే కనబడుతుంది. ఆటగాడికి ఒకటిన్నర సెకను దొరుకుతుంది. బురద నీటిలో రెండు మీటర్ల దాకానే కనబడితే దొరికేది పావు సెకను మాత్రమే. అంటే చూశానని మెదడుకు తెలిసేసరికే ఆట ముగిసిపోతుంది. అలా ఓడిన ఆటగాడు సర్పాన్ని తిట్టడు, ఆటను తిడతాడు. బురద నీరు కావాలంటే కంటికి కాకుండా మరో దారిలో ముందుగా హెచ్చరిక ఇవ్వాలి.

పేరున్న ఆటలు ఈ చిక్కును రకరకాలుగా విప్పాయి. నింటెండో 2002లో విడుదల చేసిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ద విండ్ వేకర్’లో పడవ ప్రయాణం మధ్య ‘బిగ్ ఆక్టో’ అనే పెద్ద కళ్ల రాకాసి ఆక్టోపస్ ఎదురవుతుంది. అది ఉన్న చోట నీటి పైన సముద్రపు పక్షుల గుంపు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దూరం నుంచే గమనించిన ఆటగాడు వెళ్లాలా, దారి మళ్లాలా అని తేల్చుకోవచ్చు. చేపల గుంపుల మీద పక్షులు మూగడం చూసి వల వేసే జాలర్లకు ఈ సంకేతం కొత్తగా అనిపించదు.

2018లో పూర్తిస్థాయిలో విడుదలైన ‘సబ్‌నాటికా’ శబ్దాన్ని వాడుకుంది. అందులో 55 మీటర్ల ‘రీపర్ లెవియాథన్’ కనబడక ముందే దాని గర్జన వినబడుతుంది. ఆ గర్జన గబ్బిలాల, డాల్ఫిన్ల ధ్వని ప్రతిధ్వనిలా పనిచేస్తుందని ఆటలోని సమాచార పేటిక చెబుతుంది. అంటే గర్జన వినబడేంత దగ్గరలో ఉన్నవాడు దానికి కనబడినట్టే. హెచ్చరిక, ప్రమాదం ఒకే శబ్దంలో ఇమిడిపోయాయి.

నీటి అడుగున శబ్దానికి ఇంకో తమాషా ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. ఒక చెవికి, మరో చెవికి శబ్దం చేరే సమయంలో ఉండే సూక్ష్మమైన తేడాను బట్టి మెదడు దిక్కును గుర్తిస్తుంది. నీటిలో ఆ తేడా నాలుగో వంతు కన్నా తక్కువకు కుంచించుకుపోతుంది. అందుకే నీళ్లలో మునిగినవారికి శబ్దం అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టు ఉంటుంది. దీన్ని ఉన్నది ఉన్నట్టు ఆటలో పెడితే భయం పెరుగుతుంది, కానీ ఆటగాడికి దిక్కు తెలియదు. పడవ మీద ఉన్నప్పుడు దిక్కు తెలిసేలా, మునిగినప్పుడు తెలియకుండా చేయడం ఒక మధ్యే మార్గం.

సర్పం బుర్ర: ఐదు గదులు

ఆటలోని శత్రువుకు నిజంగా ఆలోచన ఉండదు. చాలా ఆటల్లో దాని ప్రవర్తన కొన్ని స్థితుల మధ్య మారే పట్టికగా ఉంటుంది. దీన్ని స్టేట్ మెషీన్ అంటారు. 1980లో వచ్చిన ‘ప్యాక్‌మ్యాన్’లోని దెయ్యాలు కూడా ఇలాంటివే. కాసేపు చెల్లాచెదురుగా తిరగడం, కాసేపు వెంటాడడం, ఆటగాడికి శక్తి దొరికితే భయపడి పారిపోవడం వాటి పని.

సూరత్ సర్పానికి ఐదు స్థితులు చాలు. మొదటిది సంచారం: పోటు ప్రవాహంతో పాటు తిరుగుతుంది. రెండోది అనుమానం: నీటిలో అలజడి ఒక హద్దు దాటితే ఆగి, అటు తిరుగుతుంది. పడవ కింద బుడగలు తేలడం ఈ స్థితికి గుర్తు. మూడోది వెంటాట: అలజడి కొనసాగితే వెనక వస్తుంది. నాలుగోది దాడి: శరీరాన్ని ఎస్ ఆకారంలో ముడుచుకుని ఒక సెకను ఆగి, తరువాత దూకుతుంది. నిజమైన పాములు కాటు వేసే ముందు మెడను ముడుచుకున్నట్టే ఈ ముడత కూడా. అదే ఆటగాడికి చివరి హెచ్చరిక. ఐదోది ఊపిరి.

ఈ ఐదోదే అన్నిటికన్నా ముఖ్యం. పాముకు మొప్పలు ఉండవు. సముద్రపు పాములు కొంత ఆక్సిజన్‌ను చర్మం ద్వారా తీసుకోగలవు, కొన్ని జాతులు రెండు గంటల దాకా మునిగి ఉండగలవు. అయినా చివరికి గాలి కోసం నీటి పైకి రాక తప్పదు. వేగంగా వెంటాడితే కండరాలు ఆక్సిజన్‌ను మరింత త్వరగా ఖర్చు చేస్తాయి. ఆటలో సర్పం మామూలుగా ఐదు నిమిషాలు మునిగి ఉండగలిగితే, వెంటాట మొదలైన ఒకటిన్నర నిమిషానికే పైకి రావాలని నియమం పెట్టవచ్చు. పైకి వచ్చిన పది సెకన్లు అది దాడి చేయలేదు. ఆటగాడు ఆ పది సెకన్లలో ఒడ్డు చేరాలి, లేదా వాగు మలుపు తిరిగిపోవాలి.

గమనిస్తే ఇక్కడ బల్లెం లేదు, బాంబు లేదు. రాకాసి ఒంటి మీద ఎక్కడో మెరిసే ఎర్రటి బలహీన స్థానం లేదు. సర్పం శరీర ధర్మాన్ని అర్థం చేసుకోవడమే ఆటగాడి ఆయుధం. సబ్‌నాటికా రూపకర్త చార్లీ క్లీవ్‌ల్యాండ్ కూడా తన ఆటలో తుపాకులు పెట్టకూడదని కావాలనే నిర్ణయించుకున్నారు. దాని వల్ల ఆ ఆటలో భయం తగ్గలేదు.

రాకాసి అన్న ముద్ర ఖరీదు

ఆటలో ఏ జీవిని శత్రువుగా చూపించాలి, దాన్ని ఎలా గెలవాలి అన్నవి చిన్న ప్రశ్నల్లా కనబడతాయి. తెర మీది సముద్రం మనుషుల చూపును ఎంత మార్చగలదో 1975లో వచ్చిన ‘జాస్’ సినిమా చూపించింది. సొర చేప అంటే పగబట్టి మనుషుల్ని చంపే రాకాసి అన్న నమ్మకం దానితో బాగా పాతుకుపోయింది. దానికి మూలమైన నవల రాసిన పీటర్ బెంచ్లీ తరువాతి జీవితంలో సొర చేపల రక్షణ కోసం పనిచేశారు.

గుజరాత్ తీరంలో దీనికి ఎదురు దిశలో ఒక కథ నడిచింది. ప్రపంచంలో అతిపెద్ద చేప తిమింగల సొర. నోరు తెరుచుకుని వచ్చే దాని రూపం చూస్తే ఏ రాకాసి బొమ్మా దాని ముందు నిలవదు. కానీ అది తినేది నీటిలో వడగట్టుకునే చిన్న చిన్న జీవులను. ఏటా సౌరాష్ట్ర తీరానికి వచ్చే ఈ చేపలను ఒకప్పుడు కాలేయం నూనె కోసం, మాంసం కోసం పెద్ద సంఖ్యలో వేటాడేవారు. కొక్కేలకు కట్టి వదిలే పీపాల కారణంగా జాలర్లు దాన్ని ‘బ్యారెల్’ అనే పిలిచేవారు. మైక్ పాండే 2000లో తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీ ఆ వేటను బయటి ప్రపంచానికి చూపించింది. 2001లో తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. రంపపు చేపలకు కూడా అదే ఏడాది ఆ రక్షణ దక్కింది.

చట్టం ఒక్కటే సరిపోలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి మొదలుపెట్టిన ప్రచారంలో రామకథా ప్రవచనకర్త మొరారి బాపు పాలుపంచుకున్నారు. పురుటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో ఆయన ఆ చేపను పోల్చారు. ‘వ్హాలీ’, అంటే ప్రియమైనది, అన్న పేరు దానికి దక్కింది. ఇంటి ఆడపడుచును ఎవరు చంపుతారు? ఆ తరువాత వలలో చిక్కిన తిమింగల సొరను కాపాడేందుకు జాలర్లు ఖరీదైన తమ వలలనే కోసి వదిలిపెట్టడం మొదలైంది. కోసిన వలకు పరిహారం ఇచ్చే ఏర్పాటూ జరిగింది. ఇలా వందల చేపలు ప్రాణాలతో బయటపడ్డాయి.

చేప మారలేదు. దాని నోరు చిన్నది కాలేదు. దాని గురించి చెప్పే కథ మారింది.

సూరత్ సర్పాన్ని రూపొందించే వారి ముందు కూడా ఈ రెండు దారులూ ఉన్నాయి. ఎర్రటి కళ్లతో, కారణం లేని కోపంతో మీద పడే రాకాసిని గీయడం సులువు. ఆకలేస్తే వేటాడి, అలజడి విని అటు తిరిగి, ఊపిరి అందకపోతే పైకి వచ్చే జీవిని చేయడం కష్టం. రెండోదాన్ని ఎదుర్కొన్న ఆటగాడు ఆట ముగిశాక కూడా నిజమైన సముద్రంలో ఏదైనా కనబడితే ముందు అది ఏం చేస్తోందో గమనిస్తాడు.

కాగితం మీద చేసి చూడదగిన పాఠం

ఈ పని చేయడానికి కంప్యూటర్ తప్పనిసరి కాదు. సూరత్‌లోని తెలుగు మాధ్యమం మునిసిపల్ పాఠశాలలో అయినా, విశాఖ, మచిలీపట్నం తీరాల్లోని పాఠశాలల్లో అయినా గళ్ల కాగితం, పెన్సిల్ ఉంటే చాలు. తమ దగ్గరి సముద్రంలోనో నదిలోనో చెరువులోనో ఉండే ఒక నిజమైన జీవిని ఎంచుకోవాలి. నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అది చుట్టుపక్కల సంగతులను దేనితో తెలుసుకుంటుంది? దాన్ని 12 రెట్లు పెంచితే ఏ పని ఇక చేయలేదు? దాడికి ముందు దాని ఒంట్లో కనబడే మార్పు ఏమిటి? దేనికోసం అది తప్పనిసరిగా ఆగాలి?

తరువాత ఒక గడిని ఒక మీటరుగా, ఒక వంతును ఒక సెకనుగా తీసుకుని ఇద్దరు ఆడవచ్చు. ఒకరు జీవి, ఇంకొకరు పడవ. జీవి సెకనుకు ఎన్ని గళ్లు కదులుతుందో, ఎన్ని గళ్ల దూరం నుంచి పసిగడుతుందో ముందే రాసి పెట్టుకోవాలి. పడవ వారు ప్రతిసారీ ఓడిపోతుంటే హెచ్చరిక దూరం సరిపోలేదని అర్థం. ఎప్పుడూ గెలుస్తుంటే ఆ జీవి ఇంద్రియాలను తక్కువగా అంచనా వేశారని అర్థం. అంకెలు మార్చి మళ్లీ ఆడాలి.

వస్తాన్ గనిలో వెన్నుపూసలు చేతికందినప్పుడు శాస్త్రవేత్తలు చేసిందీ ఇలాంటి పనే. ఎముక ఆకారాన్ని చూసి ఈ శరీరం ఏం చేయగలదు, ఏం చేయలేదు అని అడిగారు. సముద్ర సర్పాన్ని తెర మీదికి తెచ్చే వారు కూడా రంగులు వేసే ముందు అదే ప్రశ్న అడగాలి.